కిటికీ పక్క ఇద్దరి బల్ల

ఫోను పెట్టేశాక అయిదు నిమిషాలు వంటింట్లోనే నిలబడి తిట్లు తిట్టాను. పక్కింటివాళ్ళు విన్నా సరే అనుకునే తిట్టాను. ఎందుకు తిట్టనూ? ఫోనులో హోటలు కుర్రాడు లుదొవీకో గొంతు తేనె పూసినట్టుంది. "క్షమించాలి సిన్యోరా, ఆదివారాలు ఒక్కరికి బల్ల ఇవ్వడం మానేశామండీ. కావాలంటే మంగళవారం మధ్యాహ్నం రండి" అన్నాడు. సిన్యోరా అట, అమ్మగారన్నమాట! వాడికి నాలుగేళ్ళప్పుడు ముక్కు తుడిచింది నేను. మొన్నమొన్నటి దాకా "అత్తా, అత్తా" అంటూ నా కోటు జేబుల్లో చేతులు పెట్టి మిఠాయిలు లాక్కున్న వెధవకి ఇవాళ నేను సిన్యోరానయ్యాను, పైగా మంగళవారం సిన్యోరాని.

నా పేరు ఒర్నెల్లా. వయసు అరవై ఎనిమిది. ఇటలీలో మాంతొవా పాతపట్నంలో పుట్టాను, ఇక్కడే ఉన్నాను, ఇక్కడే పోతాను. మేజోళ్ళ ఫ్యాక్టరీలో ముప్ఫై ఆరేళ్ళు మొన కుట్లు వేశాను. మా జిల్లాలో ఏ ఆడది కాలు చాపినా ఆ బొటనవేలి దగ్గర నా చేతి కుట్టు ఉండే ఉంటుందని నా గర్వం. కోపం ఎక్కువ. అది దాచుకునే ఓపిక ఎప్పుడూ లేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనం మాత్రం ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఒకేచోట, ఎల్దా హోటల్లో. గడియార స్తంభం వెనక, కమానుల వరస కింద, తొమ్మిదంటే తొమ్మిదే బల్లలు. అందులో కిటికీ పక్కనున్న ఇద్దరి బల్ల నాది. నాదంటే కొనుక్కున్నదేం కాదు. ఆ బల్ల నాదెలా అయిందో చెప్తే తప్ప, లుదొవీకో మాటకి నాకంత మంట ఎందుకు పుట్టిందో మీకర్థం కాదు.

నాకు ముప్ఫై ఏడేళ్ళప్పుడు మా ఆయన ఎర్మెస్ వెళ్ళిపోయాడు. పోవడమంటే చచ్చిపోవడం కాదు, అంత అదృష్టం నాకెక్కడిది. వెరోనా నుంచి బట్టల సాంపిళ్ళు పట్టుకొచ్చే ఒకావిడ కారెక్కి పోయాడు. శుక్రవారం పోయాడు, శనివారానికల్లా ఊరంతా కోడై కూసింది. రొట్టెల కొట్లో నేను అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. మా అక్క వచ్చి, "కొన్నాళ్ళు బయట తిరక్కు, ఆదివారం అసలే వద్దు" అని సలహా ఇచ్చింది. మా ఊళ్ళో ఆదివారం చర్చిలో పూజ అయ్యాక అందరూ కమానుల కింద అటూ ఇటూ తిరుగుతారు. ఎవరు ఎవరితో నడుస్తున్నారో, ఎవరు నడవడం లేదో చూసుకోవడమే ఆ పూట పని. వద్దనేసరికి నాకింకా పట్టుదల పెరిగింది. ఎర్రకోటు తొడుక్కున్నాను, పెదాలకి ఎర్రరంగు దట్టంగా పూసుకున్నాను, ఎల్దా హోటలు తలుపు తోశాను.

ముసలి ఎల్దా నా మొహంలోకి చూసింది. "ఒక్కదానివేనా?" అంది. "ఒక్కదాన్నే" అన్నాను. ఆవిడ నన్ను మూలకి తీసుకెళ్ళలేదు. కిటికీ దగ్గరికి నడిపించి, అక్కడి తెర బర్రున పక్కకి లాగి, వీధికి ఎదురుగా కూర్చోబెట్టింది. ఆన్యోలి చారు తెచ్చింది. చిటికెనవేలి గోరంత మాంసపు కజ్జికాయలు వేడిచారులో తేలుతూ ఉంటాయి, మాకు పండగైనా ఆదివారమైనా అదే మొదలు. తర్వాత కూజా ఎత్తి, నన్ను అడక్కుండానే సగం గ్లాసు ఎర్ర లంబ్రూస్కో వైను ఆ గిన్నెలో గుమ్మరించింది. చారు వంకాయ రంగుకి తిరిగి నురగ కట్టింది.

చారులో వైను కలుపుకోవడం మా పల్లపు ఊళ్ళ అలవాటు. మా తాతలు చలిలో పొలం నుంచి వచ్చి, పొయ్యి దగ్గర నిలబడి, ఇంట్లోవాళ్ళకి వీపు తిప్పి, గోడవైపు చూస్తూ జుర్రుకునేవాళ్ళు. ఎల్దా మాత్రం నా భుజం మీద చెయ్యేసి, "గోడవైపు తిరిగి తాగింది చాలు. నువ్వు వీధివైపు తిరిగి తాగు. అందరూ చూడనీ" అంది. రెండు చేతులా గిన్నె ఎత్తి తాగాను. బయట రొట్టెల కొట్టావిడ నడుస్తూ నడుస్తూ ఆగిపోయి గుడ్లప్పగించి చూసింది. నేను గిన్నె దించి చెయ్యూపాను. ఆరోజు నుంచి ఆ బల్ల నాది.

ఎల్దా హోటల్లో ఇంకో సంగతి కూడా తెలియాలి. మా దగ్గర ఎవరూ అడక్కుండా బిల్లు తేరు. తిన్నవాళ్ళు సాయంత్రం దాకా కూర్చున్నా, నిద్రపోయినా తేరు. అడక్కుండా బిల్లు తెచ్చి ముందు పెట్టడమంటే, లేచి పో అని మొహం మీద చెప్పడమే. ఎల్దా తన జన్మలో ఒకే ఒక్కసారి అలా తెచ్చింది, అప్పుడే పనిలో చేరిన మిరెల్లాని గిల్లిన ఒక పశువుల దళారికి. వాడు మళ్ళీ ఆ వీధిలో కనబడలేదు. ఆ కథ మా ఊళ్ళో పిల్లలకి కూడా తెలుసు.

ఎల్దా పోయాక వంటిల్లు ఆవిడ కూతురు నీవెస్ చేతికొచ్చింది. నీవెస్ నాకంటే రెండేళ్ళు చిన్నది, నా స్నేహితురాలని చెప్పుకోవచ్చు, కానీ మేమిద్దరం కలిసి కూర్చుని ఒక్క ముద్ద తిన్న పాపాన పోలేదు. అది వంటింట్లోంచి బయటికి రాదు. మూకుడులోంచి తీసుకుని నిలబడే తింటుంది. వంటింటికీ హాలుకీ మధ్య గోడలో పళ్ళేలు అందించే చిన్న కిటికీ ఉంది, ఆదివారం నేను కూర్చోగానే అందులోంచి తల బయటికి పెట్టి గరిటె ఊపుతుంది. నేను ఫోర్కు ఊపుతాను. అదీ మా స్నేహం. నా ఎదుటి కుర్చీలో ఇన్నేళ్ళూ నా చేతిసంచీ కూర్చుంది.

పోయినేడు నీవెస్ మోకాళ్ళు అరిగిపోయాయి. హోటలు కొడుకు పేర రాసి, వంట మాత్రం తన దగ్గర ఉంచుకుంది. ఆ కొడుకే లుదొవీకో. మిలానోలో పెద్ద పెద్ద హోటళ్ళలో పనిచేసి వచ్చాడు. చెడ్డవాడు కాదు, అది నేనూ ఒప్పుకుంటాను. వాళ్ళమ్మకి ఆపరేషను చేయించాలనీ, వంటింట్లో ఇంకో మనిషిని పెట్టాలనీ వాడి తాపత్రయం. దానికోసం ఆదివారాలు రెండు బంతులు పెట్టాడు. పన్నెండున్నరకి మొదటి బంతి, రెండింటికి రెండో బంతి. బల్లల మీంచి వైను కూజాలు తీసేశాడు. చారులో వైను పోసుకుంటుంటే బయటి ఊళ్ళవాళ్ళకి కడుపులో తిప్పుతుందట. మా ఇసుకరొట్టె, అదే బాదం పలుకులు వేసి రాయిలా కాల్చే తీపిరొట్టె, అది పిడికిలితో గుద్ది పగలగొట్టుకుని తినాలి. వీడు కత్తితో చతురస్రాలు కోసి పళ్ళెంలో పేర్చడం మొదలుపెట్టాడు. సరే, ఊరుకున్నాను. నెలరోజుల కింద నన్ను కిటికీ దగ్గర్నుంచి లేపి మరుగుదొడ్డి తలుపు పక్క బల్లకి మార్చాడు. నీవెస్ మొహం చూసి అదీ ఊరుకున్నాను. ఇప్పుడు అసలు రావద్దంటున్నాడు.

మర్నాడు మళ్ళీ ఫోను చేశాను.

"ఆదివారం పన్నెండున్నరకి కిటికీ పక్క బల్ల కావాలి. ఇద్దరికి."

"ఇద్దరికా! చాలా సంతోషం సిన్యోరా ఒర్నెల్లా. ఎవరొస్తున్నారండీ?"

"నీకెందుకురా? ఇద్దరన్నానుగా, రాసుకో."

రాసుకున్నాడు.

ఆదివారం పొగమంచు దట్టంగా పట్టింది. కమానుల కింద నడిచేవాళ్ళు మోకాళ్ళ దాకానే కనబడుతున్నారు. బీరువాలోంచి ఎర్రకోటు తీశాను. పాతదే. బొత్తాలు పట్టలేదు, తెరిచే వేసుకున్నాను. పెదాలకి రంగు పూసుకున్నాను. ఈ బల్ల పోతే ఇంక నాకు ఆదివారమే లేదని అప్పుడే గట్టిగా అనిపించింది.

తలుపు తోయగానే లుదొవీకో ఎదురొచ్చాడు. నల్లచొక్కా, మెడలో సన్నటి టై. నా భుజం మీదుగా వెనక్కి చూశాడు.

"రెండోవారు?"

"వస్తున్నారు."

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. రెండు పళ్ళేలు, రెండు గ్లాసులు, మధ్యలో ఒక చిన్న పువ్వు. కూర్చుని బల్ల మీద చెయ్యి వేశాను. ఊగింది. ఆ బల్లకి ఎడమ కాలు పొట్టి. ఎల్దా కాలంలో కింద అట్టముక్క పెట్టేవాళ్ళు, మిలానో మనిషి వచ్చాక అది ఎవరో ఊడ్చేశారు. నా వెనక బల్ల దగ్గర మందులషాపు గుయీదో, ఆయన భార్య తిల్దె కూర్చున్నారు. వాళ్ళూ మా ఊరివాళ్ళే, రెండో బంతి గొడవ తెలిసి పన్నెండింటికే వచ్చి కూర్చున్నారు. నడిమి బల్ల దగ్గర మాంసం కొట్టు కుటుంబం, ఆరుగురు.

"ఎవరే ఒర్నెల్లా వచ్చేది?" అంది తిల్దె మెడ తిప్పి. "ఎర్మెస్ కాదు గదా?"

"ఎర్మెస్ వస్తే ఈ ఫోర్కు ఇక్కడుండదు, వాడి తొడలో ఉంటుంది."

గుయీదో నవ్వి నవ్వి దగ్గాడు. "అయితే రానీ, నా దగ్గర కట్టు కట్టే గుడ్డ ఉంది" అన్నాడు.

గోడలో కిటికీ తెరుచుకుని గరిటె ఊగింది. నేను ఫోర్కు ఊపాను. నీవెస్ నా ఎదురుగా ఉన్న ఖాళీ పళ్ళెం వంక చూసి కనుబొమ్మలు ఎగరేసింది. నేను భుజాలు ఎగరేశాను. దానికి నేనేం చెప్పలేదు. చెబితే కొడుక్కీ నాకూ మధ్య నలిగిపోతుందని.

మిరెల్లా వచ్చింది. ఇన్నేళ్ళుగా ఆ హోటల్లో వడ్డించే మనిషి మిరెల్లానే. "చారు తేనా, మీవాళ్ళు వచ్చేదాకా ఆగనా?" అంది పైకి. వంగి చెవిలో, "ఎవరూ రారు కదూ?" అంది.

"చారు తే. ఒక గ్లాసు లంబ్రూస్కో కూడా. నిండుగా."

తెచ్చింది. గ్లాసు ఎత్తి గిన్నెలో పోశాను. లుదొవీకో గల్లాపెట్టె దగ్గర్నుంచి చూసి, పంటినొప్పి వచ్చినవాడిలా మొహం పెట్టాడు. వీధివైపు తిరిగి జుర్రున తాగాను. కావాలనే జుర్రాను. మాంసం కొట్టు వాళ్ళ పిల్లలు కిసుక్కుమన్నారు.

ఒంటిగంట దాటాక వచ్చాడు. "సిన్యోరా, మీ అతిథి..."

"ముసలాళ్ళం నాయనా. మోకాళ్ళ నొప్పులు. బయట మంచు చూశావా? నెమ్మదిగా వస్తారు."

"ఒకసారి ఫోను చేసి కనుక్కుంటారా?"

"ఫోను వాడరు."

గుమ్మడికాయ ముద్ద కూరిన తోర్తెల్లి కజ్జికాయలు తెప్పించుకున్నాను. ఒక్కోటి నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ కరిగిన వెన్నలో ఈ చివర్నుంచి ఆ చివరికి ఊరేగించి తిన్నాను. జీవితంలో అంత నెమ్మదిగా ఎప్పుడూ తినలేదు. ఫ్యాక్టరీలో పదిహేను నిమిషాల్లో తినడం నేర్చిన మనిషిని. ఒకటిన్నరకి రెండో బంతివాళ్ళు రావడం మొదలైంది. కమాను కింద చేతులు రుద్దుకుంటూ నిలబడ్డారు. వాళ్ళల్లో ఒక జంట సరిగ్గా నా కిటికీ అద్దానికి అవతల ఆగింది. ఖరీదైన బూట్లు. ఆవిడ లోపలికి తొంగిచూసి నన్ను చూసింది, మొగుడితో ఏదో అంది.

లుదొవీకో మళ్ళీ వచ్చాడు. ఈసారి ఎదుటి పళ్ళెం, గ్లాసు తీసేశాడు. నేను సంచీ తీసి ఆ కుర్చీలో పెట్టాను.

"ఇంక రారులెండి" అన్నాడు.

"వస్తారన్నానుగా."

వాడు వంగాడు. గొంతు తగ్గించాడు. నన్ను నొప్పించాలని అనలేదు, అదే ఇంకా చెడ్డ సంగతి. "సిన్యోరా, మీరు నా మాట అర్థం చేసుకోండి. బయట నుంచి చూసేవాళ్ళకి మొదట కనబడేది ఈ కిటికీయే. ఇక్కడ ఒక పెద్దావిడ ఒంటరిగా కూర్చుని తింటుంటే... ఎలా ఉంటుందంటే... దిగులుగా ఉంటుందండీ. ఎవరికీ లోపలికి రాబుద్ధి కాదు."

దిగులు. ముప్ఫై ఒక్క ఏళ్ళు నేను ఆ కిటికీలో కూర్చుని ఊరికి చెయ్యూపాను. నా తల ఎత్తి ఉందని అనుకున్నాను. అద్దానికి అవతల నిలబడ్డవాళ్ళకి ఇన్నాళ్ళూ కనబడింది ఇదేనా? చెయ్యూపినప్పుడల్లా వాళ్ళు నవ్వింది జాలితోనా? ఒక్క నిమిషం కోటు తీసుకుని లేచిపోదామనే అనుకున్నాను, నిజం చెప్తున్నాను. కుర్చీ కాస్త వెనక్కి జరిపాను కూడా. ఎదురుగా సంచీ కూర్చుని ఉంది, ముసలి సంచీ, పిడి దగ్గర తోలు పగిలింది. దాన్ని చూస్తే ఎందుకో ఒళ్ళు మండింది. కుర్చీ మళ్ళీ ముందుకి లాక్కున్నాను.

"లూదో" అన్నాను, హాలంతా వినబడేలా. "నేను దిగులుగా ఉన్నానా?"

"అబ్బే, నేను అన్నది అది కాదు..."

"అదే అన్నావు. మిరెల్లా! నాకు ఇసుకరొట్టె కావాలి. కోసింది కాదు. మొత్తం ఒకటి."

మిరెల్లా వాడివైపు చూడనైనా చూడలేదు. లోపలికెళ్ళి గుండ్రటి రొట్టె చెక్కపీట మీద పెట్టి తెచ్చింది. పిడికిలి ఎత్తి మధ్యలో ఒక్కటిచ్చాను. బల్ల ఎగిరింది, పలుకులు గుయీదో కోటు దాకా పోయాయి. మాంసం కొట్టు వాళ్ళ చిన్నపిల్ల చప్పట్లు కొట్టింది. నేను ఒక పెద్ద ముక్క దానికి, ఒకటి తిల్దెకి ఇచ్చి, ఒకటి నోట్లో వేసుకున్నాను. రాయిలా ఉంది. దాన్ని నమలడానికి చాలాసేపు పడుతుంది.

బయట జంట గడియారం చూసుకుంది. లుదొవీకో కూడా చూసుకున్నాడు. గల్లాపెట్టె దగ్గరికి వెళ్ళాడు, ఏదో రాశాడు, ఒక చిన్న పళ్ళెంలో మడత కాగితం పెట్టుకుని తిరిగొచ్చాడు. వస్తుంటే వాడి చెవులు ఎర్రగా ఉన్నాయి. ఆ పళ్ళెం నా ముందు పెట్టాడు.

బిల్లు.

గుయీదో నోటి దగ్గరికి వెళ్ళిన చెంచా అక్కడే ఉంది. మిరెల్లా చేతిలో పళ్ళేలు పక్కబల్ల మీద పెట్టేసి గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. మాంసం కొట్టాయన కుర్చీ తిప్పుకుని మరీ చూశాడు.

"నేను అడిగానా?" అన్నాను.

"లేదండీ, కానీ రెండో బంతికి..."

"నేను అడిగానా లూదో?"

"లేదు."

"అడగలేదు" అంది తిల్దె వెనక నుంచి. "నేను పక్కనే ఉన్నాను. దాని నోటంట ఆ మాట రాలేదు."

"నాకు ఒక చెవి సరిగా వినబడదు, అయినా నాకూ తెలిసింది" అన్నాడు గుయీదో.

లుదొవీకో నుదురు తుడుచుకున్నాడు. "మీరందరూ నన్ను దళారిని చూసినట్టు చూస్తున్నారు! బయట పద్నాలుగుమంది చలిలో ఉన్నారు! ఇద్దరి బల్ల, ఇద్దరన్నారు, ఒక్కరే ఉన్నారు. అబద్ధం చెప్పింది ఎవరు? నేనా?"

అబద్ధం చెప్పింది నేనే. కోపం వస్తే నోరు ఊరుకోదు గానీ, నిజాన్ని కాదనడానికి మాత్రం నోరు రాదు. అందరూ నన్నే చూస్తున్నారు. ఆ చిన్న పళ్ళెం నా ముందుంది. తీసుకుని లేస్తే ఆ బల్ల అయిపోయినట్టే. తీసుకోకపోతే, ఎంతసేపని రొట్టె నములుతాను?

అప్పుడు గోడలో కిటికీ తెరిచి ఉండడం చూశాను. నీవెస్ మొహం అందులో ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో. అది నన్ను చూడడం లేదు, ఆ చిన్న పళ్ళేన్ని చూస్తోంది. తర్వాత కిటికీ తలుపు టప్పున మూసుకుంది. లోపల పొయ్యిల హోరు ఒకటొకటిగా ఆగింది. ఆ హోరు ఎప్పుడూ ఉండేదని అది ఆగాకే తెలిసింది.

వంటింటి తలుపు తెరుచుకుంది. నీవెస్ బయటికొచ్చింది. ఏప్రాను నిండా పిండి, జుట్టు మీద తెల్లగుడ్డ, కాళ్ళకి రబ్బరు చెప్పులు. ఒక చేతిలో పొగలుకక్కే చారుగిన్నె, చంకలో కూజా. గోడలు పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేక అటూ ఇటూ ఒరుగుతూ, తొమ్మిది బల్లల మధ్యనించి అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది. మిరెల్లా సాయం పట్టబోతే మోచేత్తో నెట్టేసింది. నా బల్ల దగ్గరికొచ్చి గిన్నె, కూజా దించింది. ఎదుటి కుర్చీలో నా సంచీ తీసి నా ఒళ్ళో పడేసింది. తను కూర్చుంది.

"ఆలస్యమైపోయిందే ఒర్నెల్లా" అంది. "మోకాళ్ళు."

సంచీ కింద పెట్టాను. "ఫర్వాలేదు" అన్నాను. "నేను ఇప్పుడే మొదలుపెట్టాను."

"అమ్మా!" లుదొవీకో గొంతు చిన్నపిల్లాడి గొంతైపోయింది. "ఏం చేస్తున్నావ్?"

"భోంచేస్తున్నాను. ఇద్దరి బల్లన్నావుగా? లెక్కపెట్టుకో."

"అమ్మా, వంటెవరు చేస్తారు? రెండో బంతి వాళ్ళు బయట..."

"తిన్నాక చేస్తాను. ఉండలేనివాళ్ళని పొమ్మను." కూజా వంచి తన గిన్నెలో లంబ్రూస్కో పోసుకుంది, తర్వాత నా ఖాళీ గిన్నెలోనూ ఇంత పోసింది. "నలభై నాలుగేళ్ళు ఈ హోటల్లో నిలబడి తిన్నాన్రా. మూకుడులోంచి తిన్నాను. నువ్వు కడుపులో ఉన్నప్పుడు కూడా నిలబడే తిన్నాను. ఇవాళ కూర్చుని తింటాను. అమ్మమ్మ ఎవరికి అడక్కుండా బిల్లు తెచ్చిందో తెలుసుగా నీకు?"

"తెలుసు."

"మరి నువ్వెవరికి తెచ్చావ్?"

వాడు నేలకేసి చూశాడు. నాకైతే జాలేసింది, ఆ మాట దాచను. కానీ వాడి తరఫున మాట్లాడలేదు.

నీవెస్ గిన్నె ఎత్తింది. తాగబోతూ కిటికీలోంచి బయటికి చూసి ఆగిపోయింది. మంచు పలచబడింది. కమానులు, రాళ్ళవీధి, గడియార స్తంభం సగం, కాగితం పొట్లంలో రొట్టెలు పట్టుకుని పోతున్న జనం. అద్దానికి అవతల ఖరీదైన బూట్ల జంట, నోరు తెరుచుకుని.

"ఇక్కడి నుంచి గడియారం కనబడుతుందా!" అంది. "నాకెప్పుడూ తెలీదు. వంటింట్లో గోడే కదా నాకు."

అది విని నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నేను నా ఖాళీ కుర్చీనే చూసుకున్నాను గానీ, ఆ గోడ వెనక నిలబడి తింటున్న మనిషి ఊసే ఎప్పుడూ ఎత్తలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా, వచ్చి కూర్చోవే అని పిలవలేదు. సిగ్గుపడ్డాను. తర్వాత గిన్నె ఎత్తాను. ఇద్దరం వీధివైపు తిరిగి ఒకేసారి తాగాం. నీవెస్ నాకంటే గట్టిగా జుర్రింది.

"మిరెల్లా" అన్నాడు గుయీదో వెనక నుంచి, "మాకూ ఒక కూజా పట్రా. ఇంకో గిన్నె చారు కూడా, ఇందాకటిది చప్పగా ఉంది."

"మాకూ" అన్నాడు మాంసం కొట్టాయన.

లుదొవీకో తలుపు తీసుకుని బయటికెళ్ళి ఆ జనానికి ఏదో చెప్పాడు. కొందరు వెళ్ళిపోయారు. బూట్ల జంట వెళ్ళలేదు, ఆవిడ అద్దంలోంచి మా గిన్నెలు చూపించి ఏదో అడిగింది. వాడు లోపలికొచ్చి, టై విప్పి గల్లాపెట్టె మీద పడేసి, ఏప్రాను కట్టుకుని వంటింట్లోకి పోయాడు. పొయ్యి వెలిగిన చప్పుడైంది. ఏదో కిందపడింది కూడా.

"ఉప్పు ఎక్కడుందో తెలుసా వాడికి?" అన్నాను.

"వెతుక్కోనీ" అంది నీవెస్, ఇసుకరొట్టె మీద పిడికిలి వేస్తూ.

ఆ బల్ల మాత్రం గిన్నె ఎత్తిన ప్రతిసారీ ఊగుతూనే ఉంది. పళ్ళెంలో మడిచి ఉన్న కాగితం తీసి, విప్పి చూడకుండానే ఇంకో రెండు మడతలు వేసి, వంగి ఎడమ కాలి కింద దోపాను. సరిపోయింది.

కూర్చుని కూర్చుని కబుర్లు చెప్పుకున్నాం. ఎల్దా గురించి, ఎర్మెస్ గురించి, మోకాళ్ళ ఆపరేషను గురించి, ఆన్యోలి మడతలు నేర్చుకోవడానికి ఎవర్ని పెట్టాలన్న దాని గురించి. బయట నడిచేవాళ్ళు తెలిసినవాళ్ళయితే ఇద్దరం చేతులూపాం. నీవెస్‌ని కిటికీలో చూసి రొట్టెల కొట్టావిడ కూతురు రాళ్ళ మీద తట్టుకుని పడబోయింది. మూడున్నరకి, నాకు వెళ్ళాలనిపించినప్పుడు, చెయ్యెత్తాను.

"లూదో, బిల్లు."

వాడు వంటింట్లోంచి వచ్చాడు. చొక్కా మీద గుమ్మడికాయ మరకలు, బొటనవేలికి కట్టు. బల్ల దగ్గర నిలబడి వాళ్ళమ్మని చూశాడు, నన్ను చూశాడు, వంగి కింద ఎడమ కాలు చూశాడు.

"అది బల్ల కింద ఉందిగా అత్తా" అన్నాడు.

"అది తీస్తే బల్ల ఊగుతుందిరా. అది నువ్వు తెచ్చింది, అక్కడే ఉండనీ. నేను అడిగింది పట్రా."